నాన్న మాట పోకుండా ఎఫ్12

మా నాన్న తన ఉద్యోగ జ్ఞాపకాలు నాలుగు నోటుబుక్కుల్లో రాసి పెట్టారు. నేను లిబ్రేఆఫీస్ రైటర్‌లో (వర్డ్ లాంటిదే) టైప్ చేసి అక్కకు పంపితే, తను ట్రాక్ ఛేంజెస్ (చేసిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టి చూపించే సదుపాయం) పెట్టుకుని పేజీకి పదీ పదిహేను చోట్ల దిద్దింది. "రేయ్, అన్నీ ఒకేసారి యాక్సెప్ట్ కొట్టెయ్యకు. నాన్న మాట మారిపోయిన చోట నా దిద్దుబాటు తీసెయ్" అని ఫోన్‌లో మరీమరీ చెప్పింది.

అంటే ఒక్కొక్కటీ చూడాలి. ఎడిట్ మెనూ, అందులో ట్రాక్ ఛేంజెస్, అందులో యాక్సెప్ట్ అండ్ మూవ్ టు నెక్స్ట్. ప్రతి కామాకీ ఇదే. రెండో రోజుకే కుడి మణికట్టు లాగడం మొదలైంది.

ఆ పనిని ఒక్క కీకి అప్పగిద్దామని టూల్స్‌లో కస్టమైజ్ తెరిచి కీబోర్డ్ ట్యాబ్‌కు వెళ్ళాను. ఏ కీకి ఏ పని ఉందో పైన జాబితాలో కనిపిస్తుంది. కంట్రోల్, ఆల్ట్ కలిపిన కీలు వద్దనుకున్నాను. విండోస్‌లో ఆ రెండూ కలిస్తే కుడి ఆల్ట్ కిందే లెక్క, దాంతో అక్షరాలు కొట్టే తెలుగు కీబోర్డుల్లో గొడవ వస్తుంది. ఎఫ్ కీలకు ఆ బెడద లేదు. ఎఫ్12 అంకెల జాబితా పెడుతుంది, షిఫ్ట్ ఎఫ్12 చుక్కల జాబితా. నాన్న పుస్తకంలో జాబితాలే లేవు కాబట్టి ఆ రెండూ తీసుకున్నాను: మొదటిది యాక్సెప్ట్‌కు, రెండోది రిజెక్ట్‌కు. కమాండ్ వెతికేటప్పుడు మాత్రం తొందరపడకూడదు, యాక్సెప్ట్ ఆల్ కూడా ఆ పక్కనే ఉంటుంది.

తీరా ఎఫ్12 నొక్కితే మళ్ళీ అంకెలే వచ్చాయి! అరగంట టెన్షన్ పడ్డాక అర్థమైంది. అదే ట్యాబ్‌లో లిబ్రేఆఫీస్, రైటర్ అని రెండు ఎంపికలుంటాయి. అన్నిచోట్లా పనిచేస్తుంది కదా అని నేను మొదటిది పెట్టాను. కానీ రైటర్‌లో ఆ కీకి వేరే పని ఉంటే దానిదే చెల్లుతుంది. రైటర్ ఎంచుకుని మళ్ళీ ఇచ్చాక సరిపోయింది.

చెయ్యి నొప్పి తగ్గడం కంటే నాకు ఎక్కువ ఉపయోగపడింది ఇంకొకటి. మౌస్ కోసం పక్కకు పోకుండా చూపు వాక్యం మీదే నిలిచింది. "వచ్చినాడు" అని నాన్న రాసినదాన్ని అక్క "వచ్చాడు" చేసిన చోట్లు ఒక్కొక్కటీ కంటపడ్డాయి. మాది కడప వైపు, నాన్న అట్లాగే మాట్లాడతారు. అవన్నీ షిఫ్ట్ ఎఫ్12తో ఆయనకు తిరిగి ఇచ్చేశాను.

ఆ ట్యాబ్‌లోనే సేవ్ బటన్‌తో ఈ కీలన్నీ ఒక ఫైల్‌గా దాచి పుస్తకం ఫోల్డర్‌లోనే పెట్టాను. అక్క తన కంప్యూటర్‌లో లోడ్ కొట్టి తెచ్చుకుంది. ఇప్పుడు నాలుగో నోటుబుక్కు తన దగ్గరుంది.