వెల్లింగ్టన్‌లో రెండు ఓటర్ల జాబితాలు

వెల్లింగ్టన్ గాలి గురించి ఎవరిని అడిగినా చెబుతారు కాబట్టి దాన్ని వదిలేస్తున్నా. న్యూజిలాండ్ పార్లమెంటును గైడు వెంట ఉండి ఉచితంగానే చూపిస్తారు. అందరూ ఎగబడి ఫొటోలు తీసుకునేది మంత్రుల కార్యాలయాలుండే గుండ్రటి భవనం బీహైవ్‌కే. నన్ను ఆపింది మాత్రం పక్క భవనంలోని మటాంగిరేయా. అక్కడి మూలవాసులైన మావోరీల వ్యవహారాల పార్లమెంటు కమిటీ ఒకప్పుడు కూర్చున్న గది అది, నిండా చెక్కపనే.

పార్లమెంటులో మావోరీలకు విడిగా ఉన్న మావోరీ సీట్లంటే మన రిజర్వుడ్ స్థానాల్లాంటివేనా అని గైడును అడిగాను. దాదాపు తలకిందులని తేలింది. మన దగ్గర అభ్యర్థి ఎస్సీనో ఎస్టీనో కావాలి, ఓటు అందరిదీ. అక్కడ 1967 నుంచి ఎవరైనా పోటీ చేయొచ్చు, ఓటు మాత్రం మావోరీ ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లదే. అంబేడ్కర్ గట్టిగా అడిగి, 1932 నాటి పూనా ఒప్పందంలో వదులుకోవాల్సి వచ్చిన ప్రత్యేక నియోజకవర్గం దాదాపు ఇదే కదా! విడిగా ఓటేస్తే సమాజం చీలిపోతుందని మనకు చెప్పిన భయం, ఇక్కడ 1867 నుంచి నడుస్తున్న పద్ధతిని చూశాక నాకైతే సగం తగ్గింది.

సగమే ఎందుకంటే, విడిగా పెట్టడం చిన్నచూపుకూ పనికొచ్చింది. ఆస్తి ఉంటేనే ఓటన్న రోజుల్లో, మావోరీల భూమి ఉమ్మడిది కాబట్టి వాళ్లలో చాలామందికి ఓటు దక్కలేదు. అందుకని తాత్కాలికమంటూ 4 సీట్లిచ్చారు. జనాభా ఎంతున్నా ఆ నాలుగే, నూరేళ్లు దాటినా కదల్లేదు. మిగతావాళ్లకు 1870లోనే రహస్య ఓటు వస్తే, మావోరీలు 1910 దాకా చేతులెత్తి ఓటేశారు, తర్వాత అధికారి ముందు అభ్యర్థి పేరు చెప్పారు. రహస్యంగా ఓటేసింది 1938లో. ఎదురుగా ఉన్న నేషనల్ లైబ్రరీలో 1893 నాటి మహిళల ఓటుహక్కు అర్జీ చూశాను. ఆ ఏడాది ఓటు వచ్చింది మావోరీ స్త్రీలకు కూడా. అయితే వాళ్లలోంచి ఒకరు, ఇరియాకా రాటానా, పార్లమెంటుకు చేరేసరికి 1949 అయింది.

నాకు బాగా నచ్చిందేమిటంటే, సాధారణ జాబితాలో ఉండాలో మావోరీ జాబితాలో ఉండాలో మావోరీ ఓటరే తేల్చుకుంటారు. 1975లో వచ్చిన ఈ వెసులుబాటు 2023లో ఇంకా సడలింది. ఎన్నికల ముందు మూడు నెలలు తప్ప దాదాపు ఎప్పుడైనా మారొచ్చు. పార్టీల ఓట్ల శాతాన్నిబట్టి సీట్లిచ్చే దామాషా పద్ధతి వస్తే ఈ సీట్లు అక్కర్లేదని 1986లో ఎన్నికల పద్ధతిపై వేసిన రాయల్ కమిషన్ అంది. మావోరీలు ససేమిరా అన్నారు. దామాషా వచ్చింది, సీట్లూ నిలిచాయి. ఆ జాబితాలో ఎందరు చేరితే దాన్నిబట్టి లెక్క కడుతున్నారు, ఇప్పుడవి 7.