షొమాలీ ద్రాక్ష తోటల్లో మా సర్వే, 2019: నా అనుభవం

నివేదిక మొన్ననే పంపేశాను. కోపం చల్లారితే అన్నీ మర్యాదగా రాయాలనిపిస్తుంది కాబట్టి ఇప్పుడే కూర్చున్నాను. అగ్రికల్చర్ ఎకనామిక్స్ చదివి ఇలాంటి కన్సల్టెంట్ పనులు ఒప్పుకునే మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఒప్పుకునే ముందు ఇది చదవండి.

పని ఇది. కాబూల్‌కి ఉత్తరాన చారికార్ దాకా పరుచుకున్న షొమాలీ మైదానంలో ఒక విదేశీ సంస్థ కొన్నేళ్లుగా ద్రాక్ష రైతులకు సాయం చేస్తూ వచ్చింది. సిమెంటు స్తంభాలు, తీగ, కత్తిరింపులో శిక్షణ, మందుల మీద సబ్సిడీ. దీనివల్ల రైతు బతుకు బాగుపడిందా లేదా తేల్చి చెప్పాలి. కాంట్రాక్టు ఈమెయిల్‌లోనే అయిపోయింది. వీసా, ఇన్సూరెన్స్ వాళ్లే చూసుకున్నారు. మా అమ్మను ఒప్పించడం వేరే కథ, అది ఇక్కడ వద్దు.

షొమాలీ గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు. 1999లో తాలిబన్లు ఈ తోటల్ని నరికి, ఇళ్లు తగలబెట్టి, జనాన్ని తరిమేశారు. మందుపాతరల భయం ఆ తర్వాత కూడా చాలాకాలం వదల్లేదు. 2001 తర్వాత తిరిగొచ్చినవాళ్లు మోడుల్లోంచి మళ్లీ చిగురేయించుకున్నారు. పాత పద్ధతిలో ఇక్కడ పందిరి ఉండదు. మట్టి గట్ల మీద తీగను వాలనిస్తారు, గుత్తి మట్టికి తగులుతుంది, తడి తగిలితే బూజు. స్తంభాలు పాతి తీగ పైకెక్కిస్తే గాలి ఆడుతుంది, కాయ శుభ్రంగా వస్తుంది. ఇందులో నాకెవరూ పాఠం చెప్పక్కర్లేదు. మేడ్చల్ దగ్గర మా తాతయ్య అనాబ్-ఏ-షాహీ ద్రాక్ష పందిరి కింద పెరిగినదాన్ని. ఆ తోట ఇప్పుడు ప్లాట్లు, అది వేరే సంగతి. కత్తిరించిన కొమ్మ చూసి రైతు శిక్షణ విన్నాడో, సంతకం పెట్టి వెళ్లిపోయాడో చెప్పగలను. కాబూల్ ఆఫీసులో ఆ పని తెలిసినవాళ్లు ఒక్కరూ కనబడలేదు నాకు.

సర్వే కుర్రాళ్లకు శిక్షణ సాఫీగానే సాగింది. కొలతల దగ్గర మాత్రం జాగ్రత్త. జెరీబ్ అంటే 2,000 చదరపు మీటర్లు, మన అర ఎకరం అనుకోండి. కాబూల్ సేరు దాదాపు 7 కిలోలు. కాందహార్ వైపు వెళ్తే 'మన్' అంటారు, అది నాలుగున్నర కిలోలే. ఫారంలో 'కిలోలు' అని అచ్చేసి రైతును లెక్కగట్టమంటే నోటికొచ్చిన అంకె చెప్తాడు. ఆయన కొలతలోనే రాసుకుని, మార్చుకునే పని మనం చూసుకోవాలి.

అసలు అడగాల్సింది దిగుబడి గురించి కూడా కాదు. పంట ఎవరిది అని అడగాలి. చాలా తోటలు కాయ మీదుండగానే వ్యాపారికి గుత్తకు పోతాయి. ఇంట్లో పెళ్లో, వైద్యమో వస్తే వసంతంలోనే అడ్వాన్సు తీసుకుంటారు. అలాంటి తోటలో స్తంభాల పుణ్యమా అని కాయ ఎంత పెరిగినా, ఆ ఏడాది పెరిగిన మొత్తం గుత్తేదారుదే. ఆఫీసు పంపిన ప్రశ్నాపత్రంలో ఈ ప్రశ్నే లేదు. పోట్లాడి పెట్టించాను.

ఇక అసలు కథ. సాయం అందిన ఊళ్లతో పోల్చడానికి సాయం అందని ఊళ్లు కావాలి కదా. ఆ జాబితా ఆఫీసే ఇచ్చింది. 'నేల, నీరు, రోడ్డు, కుటుంబాల సంఖ్య అన్నిటిలోనూ సమానం' అని కింద ఒక వాక్యం, పక్కన సంతకం. అలాంటి ఒక ఊరికి వెళ్లాం. మల్బరీ చెట్టు కింద పరుపులు వేసి గ్రీన్ టీ, కిస్‌మిస్ పెట్టారు. నేను ఆడదాన్ని కాబట్టి లోపలికి తీసుకెళ్తారేమో అనుకున్నా, బయటే పెద్దల మధ్య కూర్చోబెట్టారు. మా కుర్రాడు ఫారం తీసి, పోయినేడు ఎన్ని సేర్లు అమ్మారని మొదలుపెట్టాడు. ఎదురుగా ఉన్న ముసలాయన చెయ్యెత్తి ఆపి, నావైపు తిరిగి ఉర్దూలో అందుకున్నాడు. యుద్ధం రోజుల్లో పెషావర్‌లో శరణార్థిగా చాలా ఏళ్లున్నాడట. నాదేమో హైదరాబాదీ ఉర్దూ. అనువాదకుడి చాటున దాక్కునే వీల్లేకుండా పోయింది.

"అమ్మాయీ, ఈ కాగితం నిండితే మాకేం వస్తుంది?"

ఏమీ రాదని నిజమే చెప్పాను. చెప్పాలి కూడా, అది నియమం.

"రోడ్డు పక్క ఊరికి స్తంభాలిచ్చారు, మాకివ్వలేదు. ఇప్పుడు మా సంపాదన ఎంత తక్కువో రాసుకుంటావు. మాది ఎంత తక్కువైతే వాళ్ల స్తంభాలు అంత గొప్పవని తేలుతుంది. అంతేనా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. ఎకనామెట్రిక్స్ చదివినన్నాళ్లూ ఇంత సూటిగా నన్నెవరూ అడగలేదు. "అంతే" అన్నాను. ఇంకేమనాలి?

ఆయన లేచి రమ్మన్నాడు. ఊరి చివర దారి మలుపు దాకా నడిపించాడు. అక్కడ పాత కారేజ్, అంటే కొండ నుంచి భూమి లోపలగా నీళ్లు తెచ్చే కాలువ, నోటి దగ్గర కూలిపోయి ఉంది. కాలువ మట్టి ఎత్తే మనుషులు లేక కొన్నేళ్లుగా నీళ్లు సగం కూడా రావట్లేదట. "స్తంభాల వాళ్ల బండి ఇక్కడిదాకా వచ్చింది. దిగారు, దీన్ని చూశారు, ఫోటో తీసుకున్నారు, వెనక్కి తిరిగారు. నీళ్లు లేని చోట స్తంభం పాతితే వాళ్ల పేరు పోతుంది కదా." రోడ్డు పక్క ఊరికి డీజిల్ బోరుంది, తారు రోడ్డుంది, కాబూల్ మండీకి పొద్దునే లారీ వెళ్తుంది. ఈ రెండు ఊళ్లూ సమానమని కాగితం మీద సంతకం పెట్టిన మనిషి ఈ మలుపు దాకా కూడా వచ్చి ఉండడు.

అంతటితో వదల్లేదాయన. ఇంటి వెనక్కి తీసుకెళ్లి ఎండలో ఆరుతున్న కంగీనాలు చూపించాడు. మట్టి, గడ్డి కలిపి చేసిన రెండు పళ్లేలు. మధ్యలో ఎంచిన గుత్తులు పెట్టి, రెండూ కలిపి అంచు చుట్టూ తడిమట్టితో మూసేస్తారు. చీకటి గదిలో దాస్తే నౌరోజ్ దాకా, అంటే మార్చి దాకా కాయ చెడదు. ఒకటి చేతికిచ్చాడు. అనుకున్నదానికంటే తేలిగ్గా ఉంది, అంచు మీద వేలిముద్రలు వరసగా కనబడుతున్నాయి. కోతల రోజుల ధరకీ నౌరోజ్ ముందు ధరకీ పోలికే లేదన్నాడు. మా ఫారంలో కంగీనాకి గడి లేదు. 'కోల్డ్ స్టోరేజీ వాడారా? అవును/కాదు' అని మాత్రం ఉంది. వీళ్లంతా 'కాదు' కిందికే వస్తారు.

"ఇదంతా రాస్తావా?" అన్నాడు. రాస్తానన్నాను. "ఇప్పుడే రాయి. రాసింది చదువు." అందరి ముందూ నోట్‌బుక్ తీసి రాసి, పలక అప్పజెప్పే పిల్లలా నిలబడి ఉర్దూలో చదివాను. కారేజ్ ఏ ఏడు కూలిందో నేను తప్పు విన్నానని దిద్దించాడు. ఆ పూట ఆ ఊళ్లో ఒక్క ఫారం నిండలేదు. భోజనం పెట్టకుండా మాత్రం పంపలేదు.

తర్వాత 2019 సెప్టెంబర్ 17న చారికార్‌లో అధ్యక్షుడి ఎన్నికల సభ దగ్గర బాంబు పేలి ఇరవై మందికి పైగా పోయారు. 28న ఎన్నికలు. సర్వే ఆపేశారు, మళ్లీ మొదలుపెట్టేసరికి కోతలు సగం అయిపోయాయి. ఆ నెలలోనే పాకిస్తాన్ వైపు లారీలు దాటే తోర్ఖమ్ సరిహద్దు గేటును రాత్రింబవళ్లు తెరవడం మొదలైంది. 2017లో అదే గేటు దాదాపు నెల రోజులు మూతపడింది. ద్రాక్ష లారీకి అక్కడ రెండు రోజులు అటూ ఇటూ అయితే లాభం నష్టమవుతుంది. ఈ ఏడు ధర బాగుంటే అది స్తంభం ఘనతా, గేటు ఘనతా? ఢిల్లీకి 2017లో మొదలైన సరుకు విమానాల ఘనతా?

ఆడవాళ్లతో మాటలు నేనే చూసుకున్నాను, ఆ పని హాయిగా జరిగింది. స్తంభాల సంగతి వాళ్లకు పట్టదు. కిస్‌మిస్ ఏరి, తొడిమలు తీసి, రకాలుగా విడదీసేది వాళ్లే. ఆ డబ్బు ఎవరి చేతికొస్తుందో కచ్చితంగా చెప్తారు. మగవాళ్లు చెప్పే లెక్కకీ దీనికీ ఎక్కడా పొంతన ఉండదు.

చివరికి కాబూల్‌లో మీటింగ్. గోడల వెనక గోడలు, వాటి వెనక ఏసీ గది. ఊరి మొహం ఎప్పుడూ చూడని ఒక అధికారి "ఆదాయం ఎంత శాతం పెరిగింది? ఒక్క అంకె చాలు" అన్నాడు. కాయ నాణ్యత పెరిగింది, ఇది ఖాయం అన్నాను. స్తంభాలున్న తోటల్లో గుత్తి శుభ్రంగా ఉంది, బూజు తక్కువ, కొన్న వ్యాపారి కూడా అదే అన్నాడు. రెండు మూడు చోట్ల స్తంభాలు పశువుల కొట్టానికి దూలాలయ్యాయని కూడా చెప్పాను. ఆదాయం మాత్రం నీళ్ల వల్లా, రోడ్డు వల్లా, స్తంభాల వల్లా అని విడదీయడం కుదరదు, ఎందుకంటే నీళ్లూ రోడ్డూ ఉన్న ఊళ్లనే మీరు ఎంచుకున్నారు అన్నాను. "అది అనుబంధంలో పెట్టండి" అన్నాడు. మలుపు దగ్గర తీసిన కారేజ్ ఫోటో చూపిస్తే, ఫైల్ సైజు ఎక్కువవుతుందట!

సాయం దండగని నేననను. తీగ నేల మీంచి లేవడం మంచిదే, మేడ్చల్‌లో మాకు తెలిసిన సంగతే. కానీ ఏడాదిలో తేల్చమంటారు. పాతిన స్తంభం మీద తీగ నిండుగా కాయడానికే మూడేళ్లు కావాలి. పైగా చలికాలం ఎవరూ సర్వేకి రారు, డబ్బు చేతులు మారేది అప్పుడే. మీరు ఇలాంటి పని ఒప్పుకుంటే ముందు ఒకటే అడగండి: పోల్చే ఊళ్లు ఎవరు ఎంచారు, ఎప్పుడు ఎంచారు? స్తంభాలు పాతాక ఎంచారని చెప్తే ఫీజు రెట్టింపు అడగండి, లేదా వద్దనండి. నిధులన్నీ కాబూల్ గోడలకీ కార్లకీ పోతున్నాయన్న మాట కూడా ఊరూరా విన్నాను, ఆ కార్లలో ఒకదాంట్లోనే తిరిగాను కాబట్టి ఖండించలేను.

నివేదికలో కారేజ్ పేరా నాలుగో అధ్యాయంలోనే ఉంచి పంపాను, కంగీనా కూడా. ముసలాయన దిద్దించిన ఏడుతో సహా. వాళ్లు అనుబంధంలోకి తోస్తారో, తీసేస్తారో వాళ్లిష్టం. నా సంతకమున్న ప్రతి నా దగ్గరుంది. ఆఖరి వాయిదా డబ్బు ఇంకా పడలేదు. వచ్చే ఏడు బాదం తోటల ప్రాజెక్టుకి కూడా వస్తారా అని అదే ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. మొక్కలు నాటకముందే ఊళ్ల జాబితా నా చేతిలో పెడితే వస్తానని, ఆ ఊళ్లను ముందు నేను తిరిగి చూస్తానని, ఒక సర్వే ఫిబ్రవరిలో ఉండాలని జవాబిచ్చాను.