నీళ్లున్న చోటే నైట్ హాల్ట్

వ్యానులో ఒంటరిగా యాత్ర చేసేవాడికి దేవుడి దర్శనం ఏమంత కష్టం కాదు. అసలు కష్టం సాయంత్రం నాలుగు దాటినాక మొదలవుతుంది. రాత్రికి బండి ఎక్కడ ఆపాల, నీళ్లు ఎక్కడ పట్టుకోవాల? నా వెంట ఇరవై లీటర్ల క్యాన్లు రెండు ఉంటాయి. ఒకటి తాగడానికీ వండుకోవడానికీ, రెండోది కాళ్లూ చేతులూ గిన్నెలూ కడుక్కోవడానికి. కాలవల కింద ఊళ్లవాళ్లు ఈ లెక్క వేసుకుంటారో లేదో గానీ మాది కర్నూలు. నీళ్ల లెక్క చూసుకోకుండా గడప దాటే అలవాటు మాకు లేదు.

ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైనాను. నైట్ హాల్ట్ బస్సులు నడిపినవాణ్ని కాబట్టి బండిలో పడుకోవడం నాకు కొత్త కాదు. చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి ఒక పాత వ్యాను తీసుకున్నాను. వెనక సీటు మడిచి, దాని మీద సరిపోయేట్టు మా వీధి వడ్రంగితో చెక్కబల్ల చేయించినాను. బోల్టు కొట్టలేదు, వెల్డింగు పెట్టలేదు. బండి రూపం మార్చాలంటే ఆర్టీఓ ఆఫీసులో అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాల. ఎత్తి పక్కన పెట్టే బల్లకు ఆ తంటా లేదు. బల్ల కింద ఐదు కిలోల సిలిండరు, ఒంటి పొయ్యి, రెండు గిన్నెలు, బొరుగుల డబ్బా. కిటికీలకు దోమతెర. ఫోన్లో వీడియోలు చూసి బండిలో సింకులూ ఫ్రిజ్జులూ పెట్టించుకునేవాళ్లున్నారు. వాళ్ల డబ్బు వాళ్లది. మన దారిలో పెద్ద గుడి ప్రతిదాని దగ్గరా అన్నదానం ఉంది, సత్రం ఉంది, స్నానానికి గుండమో కోనేరో ఉంది. ఎడ్లబండ్లు కట్టుకుని తిరునాళ్లకు పోయిన మా తాతలకు అవే సరిపోయినాయి.

ఇంటామెను రమ్మన్నాను. "ఆ పెట్టెలో నేను పండుకోను. మోకాళ్లు పడిపోతాయి. నువ్వు పోయిరా, రాత్రయితే ఫోన్ చెయ్యి" అంది.

కార్తీకమాసం. సోమవారం, ఆదివారం శివాలయాల జోలికి పోకూడదని డ్యూటీలో ఉన్నప్పటి నుంచీ నాకు తెలుసు. పార్కింగే దొరకదు. అందుకే మంగళవారం పొద్దుగూకేవేళకు మహానంది చేరినాను. నంద్యాల దాటి నల్లమల అంచుకు పోతానే గాలి మారుతుంది, రెండు పక్కలా అరటితోటలు. ఆ తోటలు తాగేది గుడి నీళ్లే. గర్భగుడిలో లింగం కింద ఊరిన నీళ్లు బయట గుండంలోకి వస్తాయి, అక్కణ్నుంచి కాలవలై పొలాలకు పోతాయి. ఎండాకాలంలో కూడా ఆగవు. రుద్రగుండంలో గొంతు దాకా దిగి కిందికి చూస్తే అడుగున పడిన రూపాయి బిళ్ల తేటగా కనబడింది. చలికాలం పొద్దున ఆ నీళ్లు వెచ్చగా తగులుతాయి. ఎంతసేపున్నా బయటికి రాబుద్ధి కాదు.

బండి పార్కింగులోనే పెట్టుకున్నాను. వాచ్‌మన్ టార్చి వేసి లోపలికి తొంగి చూసినాడు.

"ఒక్కరేనా సార్? లోపలే పండుకుంటారా?"

"అవున్నాయనా."

"పండుకోండి గానీ రాత్రి బయటికి రావాలంటే నన్ను పిలవండి. చిరుత తిరిగే చోటిది."

2024లో మహానంది గుడి పరిసరాల్లోనే చిరుత తిరిగిన సంగతి మా జిల్లాలో అందరికీ తెలుసు. ఆ రాత్రి తొమ్మిది తర్వాత నేను నీళ్లు తాగలేదు. బండిలో బాత్రూం లేనివాడు రాత్రిపూట పాటించాల్సిన నియమం అది, చిరుత ఉన్నా లేకపోయినా.

బనగానపల్లె మీదుగా యాగంటి. బనగానపల్లె అంటే బయటివాళ్లకు మామిడిపండే గుర్తొస్తుంది. మాకు మాత్రం బ్రహ్మంగారు గరిమిరెడ్డి అచ్చమ్మ ఆవులు కాసిన ఊరు. అక్కడ రవ్వలకొండలో కూర్చుని కాలజ్ఞానం రాసినాడని చెప్పుకుంటాం. ఆ కాలజ్ఞానంలోనే యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడని ఉంది. యాగంటిలో నంది పెరుగుతా ఉంది అనే మాట చిన్నప్పటి నుంచీ వింటున్నదే. వెనకటికి నంది చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లట. ఇప్పుడు వెనక స్తంభాలకూ నందికీ మధ్య మనిషి దూరడు. పెరిగిందో, ఎవరైనా తర్వాత స్తంభాలు కట్టినారో నేను తీర్పు చెప్పలేను. అయితే దాని ముందు నిలబడినప్పుడు ఎవరూ వాదన పెట్టుకోవడం లేదు, చేత్తో తడిమి పోతా ఉన్నారు. నేనూ తడిమినాను. చల్లగా ఉంది.

ఇక్కడ శివుడు లింగంగా ఉండడు. ఉమ, మహేశ్వరుడు ఒకే రాతిలో. అగస్త్యుడు వెంకటేశ్వరస్వామిని ప్రతిష్ఠించబోతే విగ్రహం కాలిగోరు విరిగిందట. అప్పుడు శివుడు ఇది కైలాసం లాంటి చోటు, నాకే తగుతుందన్నాడట. అగస్త్యుడు తపస్సులో ఉండగా కాకులు గోల చేస్తే, ఈ చుట్టుపక్కలకు రావద్దని శాపం పెట్టినాడట. నేను ఉన్నంతసేపూ కాకి కనబడని మాట నిజమే. కోతులను శపించడం మాత్రం ఆయన మరిచిపోయినట్టుంది. బండి తలుపు ఒక్క నిమిషం తెరిచి పెడితే బొరుగుల డబ్బా గుడి ప్రహరీ ఎక్కింది.

కొండలోంచి వచ్చిన నీళ్లు నంది నోట్లోంచి కోనేట్లో పడతా ఉంటాయి. చుట్టూ ఎర్రటి బోడికొండలు, గడ్డిపోచ మొలవడానికే కష్టపడే నేల, మధ్యలో ఆ నీళ్లు. కోనేటి మెట్ల మీద ఒక పెద్దావిడ ఒత్తులు వెలిగిస్తా ఉంటే పక్కన కూర్చున్నాను. ఆమెది పాణ్యం దగ్గర పల్లె.

"ఒగ్గడే వచ్చినావా నాయనా? ఇంట్లో ఎవురూ లేరా?"

"ఉండారమ్మా. రానంది."

"అట్లయితే ఆమె పేరున గూడా ఒక మునక ఎయ్యి. సగం పున్నెం పోతాది గదా ఇంటికి."

వేసినాను. నాకు ఒక సంగతి అక్కడే తట్టింది. మా సీమలో పాతవాళ్లు ముందు నీళ్లు వెతికినారు, దేవుణ్ని తర్వాత తెచ్చి పక్కన కూర్చోబెట్టినారు. పెద్దలు తప్పుగా అనుకోకపోతే, గుడి అనేది ఆ ఊట పాడుకాకుండా పెట్టిన కాపలా. ఇక అక్కణ్నుంచి ప్రతి గుడిలోనూ ముందు నీళ్లు చూడటం మొదలుపెట్టినాను.

కొలిమిగుండ్ల దారి అంతా నాపరాళ్ల లారీలు, సిమెంటు దుమ్ము. బెలుం గుహల్లోకి దిగితే అక్కడ కూడా అట్టడుగున పాతాళగంగ అని నీళ్లు చూపిస్తారు. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి పేరులోనే ఊట ఉంది, బుగ్గ అంటే ఊటే. పెన్న ఒడ్డున గుడి. ఏట్లో ఆ రోజు ఇసుకే ఎక్కువ కనబడింది. గాలిగోపురాలు సగంలో ఆగిపోయినాయి, పైన ఏమీ లేదు. కానీ కింద మిగిలిన రాతిపని దగ్గర ఎంతసేపు నిలబడినా చూపు తిరగదు. విజయనగరం కాలపు పని. హంపి దాకా పోయి ఫోటోలు దిగేవాళ్లు ఇక్కడికి ఎందుకు రారో నాకు అర్థం కాదు. ఆ ఊళ్లోనే చింతల వెంకటరమణస్వామి గుడిలో రాతిరథం ఉంది, అది కూడా చూడవలసిందే.

ఊరి బయట చింతచెట్ల కింద శబరిమల పోయే స్వాములు బస్సు ఆపుకుని వండుకుంటున్నారు. నేను పొయ్యి దించుతా ఉంటే ఒక కుర్రస్వామి పరుగున వచ్చినాడు. "సామీ, ఒక్కరికి ఏం వండుకుంటారు, మా దాంట్లో కూర్చోండి సామీ" అన్నాడు. అన్నం, పప్పు, వంకాయ కూర. వాళ్ల డ్రైవరు నా దగ్గరికి ప్లేటు తెచ్చుకుని కూర్చున్నాడు. ఘాట్లో బ్రేకుల గురించి, వర్షంలో తమిళనాడు రోడ్ల గురించి మాట్లాడుకున్నాం. నా రెండు క్యాన్లలో ఒకటి వాళ్ల గిన్నెలు కడగడానికి ఇచ్చేసినాను.

లేపాక్షికి ఈసారి పోలేదు. డ్యూటీల్లో చాలాసార్లు చూసిందే. ధర్మవరం, ముదిగుబ్బ మీదుగా కదిరి పోయినాను. కదిరి పున్నమి అంటే ఫాల్గుణంలో జనం కిక్కిరిసిపోతారు, నరసింహస్వామి తేరుకు ముస్లిములు కూడా వస్తారు. కార్తీకంలో గుడి ప్రశాంతంగా ఉంది, ప్రహ్లాదుడితో ఉన్న స్వామిని తోపులాట లేకుండా చూసినాను. తిమ్మమ్మ మర్రిమాను దగ్గర ఆగినాను. ఒకే చెట్టు ఐదెకరాల దాకా పరుచుకుంది. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. మొదలు ఏదో ఊడ ఏదో చెప్పడం ఎవరి వల్లా కాదు.

పులివెందుల, వేంపల్లె దాటి గండి చేరేసరికి వాన మొదలైంది. ఇక్కడ పాపఘ్ని కొండను రెండుగా చీల్చుకుని బయటపడుతుంది. నీళ్లు ఎర్రగా, జోరుగా ఉన్నాయి. లంక నుంచి తిరిగొచ్చే రాముడు బాణం మొనతో బండ మీద ఆంజనేయుడి రూపం గీసినాడని, చిటికెన వేలు విడదీయబోతే నెత్తురు వచ్చిందని, అందుకే అది అట్లా వదిలేసినాడని చెబుతారు. రాముడికి స్వాగతంగా వాయుదేవుడు ఈ కొండకూ ఆ కొండకూ బంగారు తోరణం కట్టినాడట. అది ఇప్పటికీ ఉందంటారు. కనబడినవాడికి చావు దగ్గరపడినట్టు, మోక్షం కూడా ఖాయం. థామస్ మన్రో దొరకు కనబడిందని కథ. 1800 నుంచి ఏడేళ్లు సీమ జిల్లాలకు కలెక్టరుగా చేసి, తర్వాత మద్రాసు గవర్నరై, 1827 జులైలో మా పత్తికొండలో కలరాతో పోయినాడు. టీ కొట్టామె ఈ కథ చెప్పి, "నువ్వు కూడా చూడు పెద్దాయనా, పైన" అంది నవ్వుతా. రోడ్డే చూసి బతికిన కళ్లు నావి. తల పైకెత్తలేదు.

కడపలో దేవుని కడప వెంకటేశ్వరస్వామి దర్శనం, పెద్ద దర్గాలో కాసేపు. ఉగాదినాడు దేవుని కడప స్వామికి ముస్లిములు కానుకలు తెస్తారు. దర్గాలో ఆ సాయంత్రం నా పక్కన కూర్చున్న ఇద్దరి నుదుట కుంకుమ ఉంది. మా వైపు ఎవరూ దీన్ని విశేషంగా చెప్పుకోరు.

చివరి హాల్ట్ ఒంటిమిట్ట. సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు, హనుమంతుడు ఉండడు. 1652లో ఫ్రాన్సు వర్తకుడు తావర్నియే వచ్చి ఈ గుడిని మెచ్చుకుని పోయినాడు. పాడుబడిన ఈ గుడి కోసం వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయచిప్ప పట్టుకుని ఊరూరా అడుక్కున్నారు. ఇవన్నీ అర్చకులు చెబుతారు. నేను వెతుక్కుంటూ పోయింది ఇమాంబేగ్ బావిని. కడప నవాబు కొలువులో ఉన్న ఇమాంబేగ్, మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని అడిగినాడట. పిలిస్తే లోపలి నుంచి "ఓ" అని బదులొచ్చిందట. గుడికి నీళ్ల ఇబ్బంది ఉందని ఆయన తవ్వించిన బావి ఇంకా ఆయన పేరుతోనే ఉంది. నా యాత్రలో నీళ్ల లెక్కకు అంతకంటే తగిన ముగింపు లేదనిపించి అక్కడే బండి ఆపినాను.

రాత్రి ఇద్దరు కుర్రాళ్లు వచ్చి బండి లోపల వీడియో తీసుకున్నారు. "బల్లకు ఎంతయింది, కాశీ దాకా పోగలమా, బాత్రూం ఎట్లా అంకుల్?" మొదటి రెండింటికీ నవ్వుతా జవాబు చెప్పినాను. మూడోదానికి పెట్రోలు బంకులు, దేవస్థానం మరుగుదొడ్లు, తెల్లవారుజామున లేచే అలవాటు అని చెప్పేసరికి ఒకడి ఉత్సాహం సగం తగ్గింది. రెండోవాడు మాత్రం రాసుకున్నాడు. వాడు పోతాడు.

మరునాడు మైదుకూరు, ఆళ్లగడ్డ మీదుగా ఇంటికి తిరగాల. దారిలోనే అహోబిలం. ఎగువ దాకా బండి పోతుంది, జ్వాలా నరసింహుడి దగ్గరికి మాత్రం భవనాశి ఏటి వెంట రాళ్లెక్కి నడవాల్సిందే. ఇంటామె ఫోన్లో "రేపు మధ్యాన్నానికి వస్తావు కదా, సంగటి చేస్తా" అంది. ఊఁ అన్నాను. అహోబిలం సంగతి చెప్పలేదు.