మహా వినాశనాల పాఠం: పట్టిక కన్నా కారణాల గొలుసు ముఖ్యం

భూచరిత్ర, జీవపరిణామం సిలబస్‌లో ఉన్న ఏ పరీక్షకు చదువుతున్నా మహా వినాశనాల పాఠం, అంటే భూమి మీది జాతుల్లో ఎక్కువ భాగం కొద్దికాలంలో అంతరించిపోయిన ఐదు ఘటనల పాఠం, తప్పదు. చాలామంది నోట్సులో ఇది ఐదు పేర్లు, ఐదు కాలాలు, ఐదు శాతాల పట్టికగా కనిపిస్తుంది. ఆ పట్టిక అవసరమే. అయితే ప్రశ్న కొంచెం పక్కకు తిరిగితే అది ఆదుకోదు. ప్రతి ఘటనకూ నేను మూడు ప్రశ్నలు వేసుకుని చదివాను: దాన్ని మొదలుపెట్టింది ఏది? ప్రాణులను నిజంగా చంపింది ఏది? అందుకు రాళ్లలో మిగిలిన సాక్ష్యం ఏది? మొదటి రెండూ ఒకటే అనుకోవడం వల్లే జవాబులు పలచబడతాయి.

కాలక్రమాన్ని పక్కన పెట్టి పర్మియన్ అనే భూయుగపు చివరి వినాశనంతో మొదలుపెట్టడం నాకు బాగా పనిచేసింది. 25.2 కోట్ల ఏళ్ల కిందటి ఈ ఘటన ఐదింటిలోనూ అతి పెద్దది. దీన్ని లోతుగా చదివితే మిగతా వాటికి కావలసిన సామగ్రి సగం చేతికొస్తుంది. దీన్ని మొదలుపెట్టింది సైబీరియన్ ట్రాప్స్ అనే అగ్నిపర్వత విస్ఫోటనాల పరంపర అని అందరూ రాస్తారు. మార్కులు తెచ్చేది ఆ తర్వాతి మాట. ప్రపంచమంతటా ప్రాణులను చంపింది ఆ లావా కాదు. పైకి వస్తున్న శిలాద్రవం సైబీరియాలోని తుంగుస్కా బేసిన్‌లోని బొగ్గు, ఉప్పు, సున్నపురాయి పొరల మధ్యకు చొరబడి వాటిని ఉడికించింది. వాటి నుంచి కార్బన్ డయాక్సైడ్, మీథేన్ భారీగా వెలువడ్డాయి. భూమి వేడెక్కింది. వేడినీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది కాబట్టి సముద్రాలకు ఊపిరాడలేదు. కరిగిన కార్బన్ డయాక్సైడ్ నీటి ఆమ్లత్వాన్ని పెంచింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఏవి చచ్చాయో చూడండి. బరువైన సున్నపు కవచాలు ఉండి, ఒంట్లోని ఆమ్లత్వాన్ని అదుపు చేసుకునే శక్తి అంతగా లేని ప్రాణులు దారుణంగా దెబ్బతిన్నాయి. ఆనాటి పగడాలు పూర్తిగా పోయాయి. రెండు చిప్పలుండే బ్రాకియోపాడ్లనే సముద్రజీవులు చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయి. మొప్పలు, రక్తప్రసరణ మెరుగ్గా ఉన్న ఆల్చిప్పలు, నత్తలు వాటితో పోలిస్తే తట్టుకున్నాయి. అంటే మృతుల జాబితాయే హంతకుణ్ణి పట్టిస్తోంది! ఈ పాఠంలో నన్ను అన్నిటికన్నా కట్టిపడేసిన విషయం ఇదే. అప్పటికే అంతంతమాత్రంగా మిగిలిన ట్రైలోబైట్లనే, గట్టి పెంకున్న సముద్రజీవుల కథ కూడా ఇక్కడే ముగిసింది.

సాక్ష్యం కోసం చైనాలోని మెయ్‌షాన్ రాతిపొరలను గుర్తుంచుకోండి. పర్మియన్, ట్రయాసిక్ కాలాల మధ్య సరిహద్దుకు అంతర్జాతీయ ప్రామాణిక స్థలం అదే. అక్కడ సున్నపురాతి పొరల నడుమ అగ్నిపర్వత బూడిద పొరలున్నాయి. వాటిలోని జిర్కాన్ అనే ఖనిజపు స్ఫటికాల్లో యురేనియం సీసంగా మారిన మేరను కొలిచి వయసు కట్టారు. 25వ పొరకూ 28వ పొరకూ మధ్య, సుమారు 60 వేల ఏళ్లలో వినాశనం ముగిసిందని 2014లో వెలువడిన లెక్క చెబుతోంది. అవే రాళ్లలో కార్బన్‌లోని బరువైన రకం, కార్బన్-13 నిష్పత్తి ఒక్కసారిగా పడిపోతుంది. మొక్కలు తేలికైన కార్బన్-12ను ఎక్కువగా తీసుకుంటాయి కాబట్టి వాటి నుంచి ఏర్పడిన బొగ్గులోనూ అదే ఎక్కువ. అలాంటి సేంద్రియ కార్బన్ గాలిలోకి, అక్కడి నుంచి సముద్రంలోకి చేరితే నిష్పత్తి కిందికి దిగుతుంది. ఈ రెండు వాక్యాలు రాయగలిగితే ‘సాక్ష్యాలను వివరించండి’ అనే ప్రశ్నకు భయపడనక్కరలేదు.

శాతాల గురించి తరచూ అడుగుతుంటారు. పర్మియన్‌కు ఒక పుస్తకంలో 96 శాతం, ఇంకో చోట 81 శాతం అని ఉంటే ఏది రాయాలి? 96 అనేది 1979లో శిలాజ శాస్త్రవేత్త డేవిడ్ రావుప్ ఇచ్చిన గరిష్ఠ అంచనా. 81 అనేది 2016లో మరో శిలాజ శాస్త్రవేత్త స్టీవెన్ స్టాన్లీ వేసిన లెక్క. రెండూ సముద్ర జాతులకే సంబంధించినవి. జాతులు, ప్రజాతులు, కుటుంబాలు అనే మూడు స్థాయుల్లో అంకెలు మారిపోతాయని గుర్తుంచుకుని, ఏ స్థాయి లెక్కో జవాబులో తప్పక రాయండి.

క్రెటేషియస్ చివరి ఘటన, 6.6 కోట్ల ఏళ్ల కిందటిది, అందరికీ తెలిసిందే అనిపిస్తుంది. అసలు రుచి దాన్ని కనిపెట్టిన తీరులో ఉంది. ఇటలీలోని గుబ్బియో దగ్గర సున్నపురాయిలో సుమారు ఒక సెంటీమీటరు మందాన బంకమట్టి పొర ఉంది. దాని కింద పెద్ద ఫొరామినిఫెరాలు (కవచమున్న ఏకకణ సముద్రజీవుల శిలాజాలు), పైన అతిచిన్నవి మాత్రమే. ఆ పొర ఏర్పడటానికి ఎంతకాలం పట్టిందో భూగర్భ శాస్త్రవేత్త వాల్టర్ అల్వారెజ్ తెలుసుకోవాలనుకున్నారు. అంతరిక్ష ధూళి భూమి మీద ఎప్పుడూ నెమ్మదిగా రాలుతుంటుంది, అందులో భూమి పైపొరలో అరుదైన ఇరిడియం అనే లోహం ఉంటుంది, దాన్ని కొలిస్తే కాలం తెలుస్తుందని ఆయన తండ్రి, భౌతికశాస్త్ర నోబెల్ గ్రహీత లూయిస్ అల్వారెజ్ సూచించారు. తీరా కొలిస్తే ఇరిడియం మామూలు కన్నా దాదాపు 30 రెట్లు ఉంది! నెమ్మదిగా రాలే ధూళితో అంత చేరదు. ఫ్రాంక్ అసారో, హెలెన్ మిషెల్‌లతో కలిసి 1980లో వారు గ్రహశకలం ఢీకొన్న సిద్ధాంతాన్ని ప్రకటించారు. మెక్సికోలోని చిక్సులూబ్ బిలం, సుమారు 180 కిలోమీటర్ల వ్యాసం కలది, ఆ ఢీకొన్న చోటేనని 1991లో గుర్తించారు.

ఇక్కడా చంపిన తీరును విడిగా రాయండి. గ్రహశకలం పడిన చోట గంధకం నిండిన జిప్సం వంటి రాళ్లున్నాయి. అవి ఆవిరై సల్ఫేట్ తెరగా మారి, మసి, ధూళితో కలిసి సూర్యకాంతిని అడ్డుకున్నాయి. కిరణజన్య సంయోగక్రియ ఆగితే ఆహారపు గొలుసు అడుగు నుంచే కూలుతుంది. దక్కన్ ట్రాప్స్ విస్ఫోటనాలు కూడా ఇదే కాలానివి. వాటి వాటా ఎంత అన్నది ఇంకా చర్చలో ఉంది, ఆ మాట జవాబులో ఉండాలి. గ్రహశకలాన్నే ప్రధాన కారణంగా రాయడం నాకు సబబుగా తోస్తుంది.

ట్రయాసిక్ చివరిది, 20.1 కోట్ల ఏళ్ల కిందటిది, పర్మియన్ చదివినవారికి సులువు. ఖండాలన్నీ కలిసి ఉన్న పాంజియా చీలుతున్నప్పుడు మధ్య అట్లాంటిక్ అగ్నిశిలా ప్రాంతం నుంచి వచ్చిన లావా, మళ్లీ కార్బన్, మళ్లీ వేడి. ఆ బసాల్ట్ నేడు నాలుగు ఖండాల్లో కనిపిస్తుంది. కాబట్టి ఖండ చలన సిద్ధాంతం జవాబుకూ పనికొస్తుంది.

ఆర్డోవిషియన్‌కు కథ తిరగబడుతుంది. 44.5 కోట్ల ఏళ్ల కిందట దక్షిణ ధ్రువం మీదున్న గోండ్వానా అనే మహాఖండంపై హిమానీనదాలు పెరిగి, సముద్రమట్టం పడిపోయి, లోతులేని సముద్రాల్లోని ప్రాణులు చచ్చాయి. ఆ హిమానీనదాల గుర్తులు నేటి సహారాలో ఉన్నాయి. డెవోనియన్‌ది ఒక్క దెబ్బ కాదు. 37.2 కోట్ల ఏళ్ల కిందట ఒకటి, సుమారు 35.9 కోట్ల ఏళ్ల కిందట మరొకటి. ఆక్సిజన్ లేని సముద్రాలకు సాక్ష్యంగా నల్లటి షేల్ (గట్టిపడిన బురద రాయి) పొరలున్నాయి. నేల మీద వేళ్లూనిన కొత్త అడవులు రాళ్లను కరిగించి సముద్రంలోకి పోషకాలను పంపాయన్నది ఒక పరికల్పన. ‘ఒక పరికల్పన ప్రకారం’ అనే మాట వదలకండి.

ఇప్పుడు ఆరో వినాశనం నడుస్తోందా అనే ప్రశ్న వ్యాసంగానైనా, ఇంటర్వ్యూలోనైనా రావచ్చు. భౌగోళికంగా కొద్దికాలంలో 75 శాతానికి పైగా జాతులు పోవడాన్ని మహా వినాశనానికి కొలతగా తీసుకుంటారు. ఇప్పటివరకు నమోదైన నష్టం ఆ గీతకు చాలా దూరంలో ఉంది. పోతున్న వేగం మాత్రం సాధారణ కాలపు వేగాన్ని ఎంతో మించిపోయింది. పోయినవెన్ని, ఎంత వేగంగా పోతున్నాయి అనే రెండింటినీ విడదీసి రాయండి. ఆపై గాలిలోకి చేరుతున్న కార్బన్ దగ్గర పర్మియన్‌తో పోలిక తెచ్చి, బొగ్గును అప్పుడు శిలాద్రవం మండించిందని, ఇప్పుడు మనం మండిస్తున్నామని చెప్పండి. అడిగేవారు తర్వాతి ప్రశ్నను అక్కడి నుంచే అందుకుంటారు, ఆ ప్రశ్నకు మీ దగ్గర మెయ్‌షాన్ సిద్ధంగా ఉంటుంది.