పన్ను రేటు మారితే ఒక్కచోటే మార్చాలి: నా అనుభవం

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని ఒంగోలు నుంచి నేనే చూసుకుంటాను. ఎవరో ఎప్పుడో పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కోడ్ అది.

2025 సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ కొత్త రేట్లు ప్రకటించింది. గ్రానైట్ బ్లాకులకు 12 శాతం పోయి 5 వచ్చింది, అమలు 22 నుంచి. పాలిష్ స్లాబులకు మాత్రం 18 అలాగే ఉంది. మన కోడ్‌లో ఆ 12 బిల్లులో, క్రెడిట్ నోట్‌లో (ఇచ్చిన బిల్లు మొత్తాన్ని తర్వాత తగ్గించేటప్పుడు రాసే చీటీ), నెలవారీ రిపోర్టులో, ఎక్కడపడితే అక్కడ నేరుగా రాసేసి ఉంది. అన్నిచోట్లా 5 పెట్టేద్దామా అంటే, పాత బిల్లు మళ్లీ ప్రింట్ తీసినప్పుడు దానికీ కొత్త పన్నే పడుతుంది. అకౌంట్స్ చూసే పెద్దాయన ముందే చెప్పారు: "పాత బిల్లులో పైసా కూడా కదలకూడదు బాబూ, ఆడిటర్ ఊరుకోడు."

హైదరాబాద్‌లో ఉన్న మిత్రుడు మొత్తం తీసేసి మైక్రోసర్వీసులతో, అంటే విడివిడిగా నడిచే చిన్న చిన్న ప్రోగ్రాములుగా, కొత్తగా రాయమన్నాడు. ఒక్కడు చూసుకునే సాఫ్ట్‌వేర్‌కి అన్ని సర్వర్లు ఎందుకు? పైగా అంత టైమ్ లేదు. బ్లాక్, స్లాబ్, టైల్ అన్నిటికీ ఉమ్మడి కోడ్ ఉండే ఒక తల్లి క్లాస్ పెట్టి, మిగతావి దాన్నుంచి తీసుకునేలా ఇన్‌హెరిటెన్స్‌తో రాయడం ఇంకో దారి. ఇది చాలాసేపు ఊరించింది. కానీ తల్లి క్లాస్‌లో ఒక లైను మారిస్తే పిల్ల క్లాసులన్నిటినీ మళ్లీ పరీక్షించుకోవాలి.

కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నస్ 1972లోనే చెప్పిన మాట నాకు దారి చూపింది: ప్రోగ్రామ్‌ని పని జరిగే వరుసలో ముక్కలు చేయొద్దు, రేపు మారే అవకాశమున్న ప్రతి నిర్ణయాన్నీ ఒక మాడ్యూల్‌లో (ప్రోగ్రామ్‌లో విడిగా ఉండే భాగంలో) దాచిపెట్టు. మా దగ్గర మారేది రేటు. అందుకే సరుకు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీలో సరుకు రకాన్ని చెప్పే నంబరు), బిల్లు తేదీ ఇస్తే రేటు చెప్పే ఒక్క ఫంక్షన్ రాశాను. దాని వెనక ఒక టేబుల్, అందులో ప్రతి రేటుకూ అమల్లోకి వచ్చిన తేదీ.

అయితే కోడ్ ముట్టుకోకముందే పాత బిల్లుల్లోంచి రకానికి కొన్ని తీసి, కోడ్ మారాక కూడా అవే మొత్తాలు వస్తున్నాయో లేదో చూసే టెస్టులు రాసుకున్నాను. నాకు ధైర్యమిచ్చింది ఇదే. ఒక్కొక్క చోట 12 తీసేసి ఫంక్షన్ పెట్టడం, టెస్టులు నడపడం, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో కమిట్ చేయడం. క్రెడిట్ నోట్ దగ్గర ఒక టెస్టు ఫెయిలైంది. అక్కడ నోట్ తేదీ కాకుండా అసలు బిల్లు తేదీ పంపాలని అప్పుడు తెలిసింది.

22న బిల్లులు సరిగ్గా వచ్చాయి, పాతవీ కదల్లేదు. ఇక మిగిలింది బ్లాకు కొలతల కోడ్. గ్రాస్ కొలతలోంచి, అంటే బ్లాకు పూర్తి కొలతలోంచి, తగ్గించే సెంటీమీటర్లు బయ్యర్‌ని బట్టి మారుతుంటాయి కాబట్టి, దానికీ ఇదే పద్ధతిలో ముందు టెస్టులు రాస్తున్నాను.