మా సందులో నానో కారు

టాటా నానో ఉత్పత్తి 2018లో దాదాపు ఆగిపోయింది. ఆ మరుసటి ఏడాది మేము 2012 మోడల్ నానో ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాము. ఇప్పుడు ఇలాంటి పాత బండి కొనవచ్చా అని తెలిసినవాళ్లు తరచుగా అడుగుతుంటారు కనుక, నాకు అర్థమైనంత వరకు దాని మంచిచెడులను వివరంగా రాస్తున్నాను.

ఈ కారులోని మంచిలో సగం, చెడులో సగం ఒకే నిర్ణయం నుంచి పుట్టాయి. రెండు సిలిండర్ల 624 సీసీ ఇంజన్‌ను వెనక సీటు కింద అమర్చడమే ఆ నిర్ణయం. ముందు భాగంలో ఇంజన్ లేనందువల్ల చక్రాలను మూలలకు జరిపి, మధ్య చోటంతా మనుషులకు వదిలేశారు. మారుతి 800 కంటే బయటి కొలతల్లో 8 శాతం చిన్నదని, లోపలి చోటులో 21 శాతం పెద్దదని కంపెనీ అప్పట్లో చెప్పుకొంది. వెనక సీటులో కూర్చున్నవాళ్లెవరికీ ఆ మాట అతిశయోక్తి అనిపించదు.

మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. కిందికి కూలబడినట్టుండే కార్లలోకి ఎక్కడం, వాటిలోంచి లేవడం ఆయనకు పెద్ద పరీక్ష. నానో ఎత్తు 1.65 మీటర్లు, సీటు కూడా ఎత్తుగానే ఉంటుంది. ఆయన తలుపు తెరిచి, వీపు లోపలికి తిప్పి, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, తర్వాత ఒక్కొక్క కాలే లోపలికి తీసుకుంటారు. నేను చేయి పట్టుకోవలసిన పని లేదు. ఈ ఒక్క సౌకర్యం కోసమే దాని లోపాలు చాలావాటిని నేను మన్నిస్తాను.

హైదరాబాద్ చిక్కడపల్లిలో మా సందు ఎంత ఇరుకంటే, రెండు పక్కలా బైకులు నిలబెడితే మధ్యలో ఆటో పోవడమే కష్టం. 3.1 మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల టర్నింగ్ రేడియస్ విలువ అలాంటి చోటే తెలుస్తుంది. మా కారుకు పవర్ స్టీరింగ్ లేకపోయినా, ముందు చక్రాల మీద ఇంజన్ బరువు ఉండదు కనుక తిప్పడం తేలిక. సాయంత్రం త్యాగరాయ గానసభకు వెళ్లినప్పుడు, ఇతరులు చాలదని వదిలేసిన ఖాళీలో నేను బండి పెట్టగలుగుతున్నాను.

ఇక రెండో వైపు చూద్దాం. ఇంజన్ వెనక ఉన్నందుకు మొదటి తరం నానోలకు డిక్కీ తలుపు తెరుచుకోదు. 2015లో వచ్చిన జెన్‌ఎక్స్ మోడల్‌కు గాని ఆ సదుపాయం రాలేదు. సంచులు పెట్టాలంటే లోపలి నుంచి వెనక సీటును ముందుకు వంచాలి. ఆ చోట ఇంజన్ వేడి తగులుతుంది కనుక ఆకుకూరలు అక్కడ పెట్టకపోవడమే మంచిది. పెట్రోలు ట్యాంకు ముందుంది, పోయించాలంటే బానెట్ ఎత్తాలి. ట్యాంకు పట్టేది 15 లీటర్లే. చక్రాలు 12 అంగుళాలవి కావడంతో గుంతల దెబ్బ నేరుగా నడుముకు తెలుస్తుంది. సన్నగా, ఎత్తుగా, 600 కిలోల బరువుతో ఉండే బండి కనుక ఫ్లైఓవర్ మీద పక్కగాలికి స్టీరింగ్ గట్టిగా పట్టుకోవాలి.

ఇవన్నీ అలవాటుపడగలిగినవే. భద్రత విషయం అలాంటిది కాదు. ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. 2014లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ జరిపిన ఢీ పరీక్షలో దీనికి ఒక్క స్టార్ కూడా రాలేదు. మొదట ప్రకటించిన లక్ష రూపాయల ధరను నిలబెట్టడానికి ఒకే వైపర్‌తోను, చక్రానికి మూడే బోల్టులతోను సరిపెట్టడం నాకు తెలివైన పొదుపుగానే కనిపిస్తుంది. ప్రాణరక్షణలో చేసిన పొదుపును మాత్రం నేను సమర్థించలేను. స్కూటర్ మీద నలుగురు వెళ్లే కుటుంబం కోసం తలపెట్టిన కారు కాబట్టి ఆ బాధ మరింత ఎక్కువ. చవక కారన్న ముద్ర పడటం దెబ్బతీసిందని రతన్ టాటాయే తర్వాత ఒప్పుకున్నారు.

కాబట్టి ఊళ్లో, నలభై వేగం దాటని దారుల్లో, రోజుకు పది పదిహేను కిలోమీటర్లు తిరిగేవారికైతే కొనమనే చెబుతాను. అయితే రిజిస్ట్రేషన్ గడువు పదిహేనేళ్లే కనుక ఆర్‌సీలో తేదీ చూసుకుని, రెన్యువల్ ఖర్చు లెక్కవేసుకుని బేరమాడాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి నేను ఇంతవరకు ఆ బండి తీసుకెళ్లలేదు, తీసుకెళ్లను కూడా.