మా వీధి మధ్యలో గీత

మా వీధి వెడల్పు ఇరవై అడుగులు. ఎడమవైపు ఇళ్లు ఒక డివిజన్ (అంటే ఒక కార్పొరేటర్ పరిధి), కుడివైపు ఇళ్లు ఇంకొకటి. 2020 జీహెచ్ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) ఎన్నికల్లో నేనొక బడిలో ఓటేస్తే, ఎదురింటి పిన్నిగారు వేరే బడికి వెళ్లారు. అప్పుడు నవ్వుకున్నాం.

2023 వానలకు మురుగు గుమ్మాల్లోకి వచ్చింది. కొత్త పైపు, దానిపై సీసీ రోడ్డు కావాలని అందరం సంతకాలు పెట్టి బయల్దేరాం. మా వైపు కార్పొరేటర్ మహిళ, మాట్లాడింది మాత్రం ఆమె భర్త. (నగరంలో సగం సీట్లు మహిళలవే, కుర్చీలో కూర్చునేది ఎవరన్నది వేరే సంగతి.) "అన్నా, వేయిద్దాం. కానీ సగం రోడ్డు అవతలి డివిజన్‌ది కదా, వాళ్లను కూడా అడగండి" అన్నాడు. అవతలి ఆయన ఇంకో పార్టీ. "ముందు వాళ్లు మొదలుపెట్టనీయండి" అన్నాడు. ఇద్దరి లెటర్లు ఒకే ఫైల్లో పెట్టించడం పెళ్లిచూపులు కుదిర్చినంత పని. పైగా సర్కిళ్లు (కొన్ని డివిజన్లకు కలిపి ఉండే కార్పొరేషన్ ఆఫీసులు) కూడా వేరు, అంటే ఎస్టిమేట్లూ రెండు. సగం రోడ్డుకి ఎస్టిమేట్ ఎలా వేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

విచిత్రంగా, పైపు సులువుగా వచ్చింది. వాటర్ బోర్డు 1989 నుంచే వేరే సంస్థ, దాని పద్దు కార్పొరేషన్ కౌన్సిల్ చేతిలో ఉండదు. దాని సెక్షన్ (స్థానిక ఆఫీసు) హద్దు మా వీధిని చీల్చలేదు, అందుకే ఒకే అర్జీ సరిపోయింది. పైపు పడింది, రోడ్డు గుంతలమయం అయింది. ఈలోగా అక్టోబర్‌లో అసెంబ్లీ ఎన్నికల కోడ్, మార్చిలో లోక్‌సభ కోడ్. కొత్త మంజూరు మాటే లేదు.

చివరికి దారి చూపింది కిరాణా కొట్టు అంకుల్. "రెండు డివిజన్లూ ఒకే నియోజకవర్గం కదా, ఎమ్మెల్యే నిధులు అడగండి" అన్నారు. నిజమే, నియోజకవర్గం హద్దు మా వీధిని చీల్చలేదు. ఎమ్మెల్యే సిఫారసు లేఖ కలెక్టరేట్‌కి వెళ్లింది. 2024 చివర్లో మొత్తం వీధికీ ఒకేసారి కాంక్రీటు పడింది. కొబ్బరికాయ కొట్టిన రోజు ఇద్దరు కార్పొరేటర్ల మనుషులూ ఫోటోలో నిలబడ్డారు.

వీధిదీపాల స్తంభాలు మాత్రం కుడివైపే ఉన్నాయి. లైటు ఆరిపోతే ఇప్పటికీ పిన్నిగారి చేతే ఫిర్యాదు చేయిస్తున్నాం.